న్యూట్రల్‌లో పడే బండి

నా ఎడమ మోకాలు చెడగొట్టింది ఒక సీమావు. రూపనగుడిలో ఒక రైతు దొడ్లో అది చూలుతో ఉందో లేదో చూడబోతే, పక్కకు తిరిగి ఒక్క తాపు తన్నింది. దాని మీద నాకు కోపం లేదు. వెనకనుంచి ఎవరో చెయ్యి పెడితే నేనైనా అదే చేస్తాను. నా కోపమంతా ఆ మోకాలి వల్ల నేను కొనాల్సి వచ్చిన కారు మీద, ఆ కారు వల్ల నేను వినాల్సి వచ్చిన మాటల మీద.

నేను పశువుల డాక్టరుని. మా ఇల్లు బళ్ళారిలో, నా పని కాలువ కింద వరి పండే పల్లెల్లో. రోజూ తిరగాలి. మోకాలు కుదుటపడ్డాక కూడా క్లచ్ తొక్కితే పిక్కలోంచి తొడదాకా నొప్పి లేచేది. పాత కారు అమ్మేసి క్లచ్ లేనిది కొందామని షోరూమ్‌కి వెళ్ళాను. అక్కడ టై కట్టుకున్న ఒకాయన నాకు కాఫీ ఇచ్చి, "మేడమ్, రెండే పెడళ్ళు. ఒకటి పోవడానికి, ఒకటి ఆగడానికి. చిన్నపిల్లలు కూడా నడపొచ్చు" అన్నాడు. చిన్నపిల్లలు నడిపే బండి నాకెందుకో నేను అడగలేదు. కాఫీ బాగుంది.

ఆ బండి లోపలి సంగతి నిజానికి చాలా చిన్నది. ఉండేది మామూలు గేరుబాక్సే, మామూలు క్లచ్చే. మన కాలూ చెయ్యీ చేసే పని చెయ్యడానికి ఒక కరెంటు పంపు పెట్టారు. ఆ పంపు నూనెను ఒత్తిడితో తోస్తుంది, ఆ ఒత్తిడికి కడ్డీలు కదిలి క్లచ్ నొక్కుతాయి, గేరు మారుస్తాయి. ఎప్పుడు ఏది కదలాలో ఒక కంప్యూటరు పెట్టె చెప్తుంది. కారు తలుపు తీయగానే బానెట్ కింద 'గుయ్' మని ఒక చప్పుడు వస్తుంది, అది ఆ పంపు ఒత్తిడి పోగుచేసుకునే చప్పుడు. పూర్తి ఆటోమేటిక్ కాదు, పూర్తి మామూలుదీ కాదు. సగం సగం సరుకు. అమ్మేవాళ్ళు మాత్రం ఆ సగం మాట నోటితో అనరు.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఎండాకాలంలో ఒకసారి ఇంజన్ స్టార్ట్ కావడానికి మొరాయిస్తే సర్వీస్‌కి ఇచ్చాను. బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేశారు. నీళ్ళతో కడిగి, లోపల ఏదో సెంటు చల్లి, మల్లెపూల దుకాణంలా చేసి ఇచ్చారు. ఆ తర్వాతే మొదలైంది.

మొదటిసారి అది జరిగింది హచ్చొళ్ళి దగ్గర కాలువ వంతెన ఎక్కేటప్పుడు. ఒక గేదె ఈనలేక పొద్దుటినుంచి అవస్థ పడుతోందని ఫోన్ వచ్చింది. దూడ ముందుకాలు ఒకటి లోపల మడత పడి ఉంటుందని చెప్పిన లక్షణాలను బట్టి అనుకున్నాను. అలాంటప్పుడు ఆలస్యమైతే దూడా దక్కదు, ఒక్కోసారి తల్లీ దక్కదు. మిట్టమధ్యాహ్నం, మండిపోయే ఎండ. ఏసీ గట్టిగా పెట్టుకుని వస్తున్నాను. వంతెన ఎక్కే ఏటవాలు సగంలో ఎదురుగా వడ్ల బస్తాల ట్రాక్టరు వస్తే ఆగాను. అది దాటిపోయాక బ్రేకు వదిలి యాక్సిలరేటర్ తొక్కాను. ఇంజన్ అరిచింది, బండి కదల్లేదు. మీటర్ల మధ్యలో 'ఎన్' అనే అక్షరం ఆరుతూ వెలుగుతోంది. నేను గేరులోనే పెట్టాను. అది తనంతట తాను న్యూట్రల్‌కి పోయింది. నాకది అర్థమయ్యేలోపే బండి వెనక్కి జారింది.

వంతెనకు అటూ ఇటూ గోడ ఉంది గానీ దారికి లేదు. దారి పక్కన నిండుగా పారే కాలువ. బ్రేకు తొక్కితే ఆగింది. హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంజన్ ఆపి, అలాగే కూర్చున్నాను. అద్దంలో చూస్తే వెనక చక్రం దారి అంచున ఉంది. దిగి చూడటానికి కూడా ధైర్యం రాలేదు. గేదె యజమాని నన్ను వెతుక్కుంటూ మోటారు సైకిల్ మీద వచ్చాడు.

"ఏందమ్మా, ఈడ నిలబెట్టుకొని ఉండావు? ఆడ గేదె ప్రాణం పోతాండాది."

"బండి పోవడం లేదప్పా. మందుల పెట్టె తీస్కో, నీ బండి మీద పోదాం."

చక్రాల కింద రాళ్ళు పెట్టించి, పెట్టె ఒళ్ళో పెట్టుకుని అతని వెనక కూర్చుని వెళ్ళాను. దూడ కాలు సరిచేసి లాగాం. బతికింది, తల్లీ బతికింది. తిరిగి కారు దగ్గరికి వచ్చి కూర్చున్నాను. స్టార్ట్ చేస్తే ఏమీ తెలియనిదానిలా మెత్తగా గేరు పడి కదిలింది. పెద్దమనుషుల ముందు బుద్ధిగా చేతులు కట్టుకునే పోకిరీ వేషం.

ఇంటికి వచ్చి చెప్పాను. ఇంట్లో ఆరోజు మా బావగారు ఉన్నారు, అంటే మా ఆయన అన్న. ఊళ్ళో పొలం, రెండు ట్రాక్టర్లు ఉన్నాయి కాబట్టి భూమ్మీద ఇంజన్ అనేదేది ఉన్నా దానిమీద ఆఖరి మాట తనదే అని ఆయన నమ్మకం. విమానం చప్పుడు విన్నా తల ఎత్తి, "ఒక సిలిండరు కొట్టడం లేదు" అనగలరు.

నేను చెప్పడం పూర్తికాకముందే, "గేరు కడ్డీకి చెయ్యి తగిలించింటావు లేమ్మా" అన్నారు.

"తగల్లేదు బావా."

"నీకు తెలీకుండా తగిలింటాది. ఆడోళ్ళు హ్యాండ్‌బ్యాగు ఆడనే కదా పెడ్తారు."

నాకు హ్యాండ్‌బ్యాగు లేదు. నా దగ్గర ఉండేది భుజం దాకా వచ్చే ప్లాస్టిక్ తొడుగులు, సూదులు, ఒక స్టెతస్కోపు, పేడ వాసన వచ్చే రబ్బరు బూట్లు. ఆ మాట అనబోయి ఊరుకున్నాను, ఎందుకంటే ఆయన అప్పటికే అసలు ఉపన్యాసంలోకి దిగారు. క్లచ్ లేని బండి బండే కాదని, దాన్ని నడిపేవాళ్ళు డ్రైవర్లు కాదని, తాను రివర్స్‌లో ట్రాలీతో గట్టు మీద పోగలనని. మా ఆయన మధ్యలో, "కొంచెం చూసుకుని నడుపుతా ఉండు" అన్నాడు. ఆయన ఒక కాలేజీలో కామర్స్ చెప్తాడు. అన్న ముందు ఆయన గొంతు ఎప్పుడూ పరీక్ష హాల్లో మాట్లాడినట్టే వస్తుంది.

కాలువలో పడబోయానని చెప్పాను కదా, ఆ ముక్క ఎవరికీ వినబడలేదు. నేనేం తప్పు చేశానన్నదే వాళ్ళ చర్చ.

సర్వీస్‌కి తీసుకెళ్ళాను. అక్కడి మేనేజరు వయసులో నాకంటే చాలా చిన్నవాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో ట్యాబ్. ఆ ట్యాబ్ చూసే మాట్లాడతాడు, ఎదుటి మనిషిని చూడడు. బండి తన దగ్గర పెట్టుకుని మర్నాడు ఫోన్ చేశాడు, సగం కన్నడంలో, సగం తెలుగులో.

"మేడమ్, గాడి పర్ఫెక్ట్ ఇదె. ఏనూ ప్రాబ్లమ్ ఇల్ల, ఏమీ లేదు. మా డ్రైవరు పొద్దున్నే రౌండు కొట్టి వచ్చినాడు."

"పొద్దున్నే నాకూ బాగానే ఉంటుందప్పా. మధ్యాహ్నం, ఎండలో నడపండి."

"మధ్యాహ్నం ట్రాఫిక్ ఉంటాది మేడమ్, ట్రయల్ కష్టం."

కష్టం లేకుండా జబ్బు కనిపించాలని అతని కోరిక. నేను ఆవును చూడటానికి వెళ్ళి, అది మేత మేసే వేళకే చూస్తాను, దగ్గే వేళకు చూడటం కష్టం అంటే, రైతు నన్ను ములుకోలతో తరుముతాడు. ఈయన్ను ఎవరూ తరమలేదు. బండికి నీళ్ళు కొట్టి, సెంటు చల్లి తిరిగి ఇచ్చారు.

ఆ తర్వాత నెలంతా అది నాతో ఆడుకుంది. ఒకరోజు బస్టాండు ముందు, ఒకరోజు సంతలో ఎద్దుల బండ్ల మధ్య. 'ఎన్' మెరుస్తుంది, 'టింగ్ టింగ్' మంటుంది, కదలదు. కాసేపు ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే పోతుంది. వెనకనుంచి హారన్లు. ఒక ఆటో అతను కిటికీ దగ్గరికి వచ్చి మరీ, "క్లచ్ తొక్కి గేరు వేయక్కా" అని సలహా ఇచ్చాడు. లేని క్లచ్ యాడ తొక్కేది అని అడిగాను. నన్ను జాలిగా చూశాడు.

ఫోన్‌లో వీడియో తీసి మళ్ళీ మేనేజరు దగ్గరికి పోయాను. ఈసారి కంప్యూటరు తగిలించారు. దాంట్లో 'నూనె ఒత్తిడి తక్కువ' అని వచ్చింది. మేనేజరు ముఖం వెలిగిపోయింది. పంపూ కడ్డీలూ కలిసిన మొత్తం యూనిట్ మార్చాలన్నాడు.

"ఒత్తిడి ఎందుకు తగ్గుతోంది?" అని అడిగాను.

"యూనిట్ పోయింది మేడమ్."

"యూనిట్ పోయిందని ఎట్లా తెలిసింది?"

"ఒత్తిడి తక్కువ ఉంది కదా మేడమ్."

జ్వరం ఎందుకొచ్చిందంటే ఒళ్ళు వేడిగా ఉంది కాబట్టి, ఒళ్ళు ఎందుకు వేడిగా ఉందంటే జ్వరం వచ్చింది కాబట్టి. నా కాలేజీ రోజుల్లో ఎవరైనా ఇలా జవాబు చెప్తే మా ప్రొఫెసరు తరగతి బయట నిలబెట్టేవారు. ఇక్కడ అలాంటివాణ్ణి లోపల, ఏసీ గదిలో కూర్చోబెట్టారు. ఆలోచించుకుని చెప్తానని వచ్చేశాను.

ఇంతలో హచ్చొళ్ళిలో చుట్టాలింట్లో గృహప్రవేశం వచ్చింది. మా ఆయన నడుపుతానన్నాడు, బావగారు ముందు సీట్లో, నేనూ మా అక్కా, అంటే బావగారి భార్య, వెనక. బావగారు తెల్ల పంచె, తెల్ల చొక్కా, మెడలో మడత విప్పని కండువా. ఊరి బయట రైల్వే గేటు పడింది. ఎండ, కదలని బండ్లు. బావగారు చెమట పడుతుందని ఏసీ పెంచారు. గేటు లేచింది. ముందు లారీ కదిలింది. మా ఆయన యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజన్ అరిచింది. 'ఎన్' మెరిసింది. 'టింగ్ టింగ్'.

మా ఆయన రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. భయం, దాని వెనక సిగ్గు.

"నేనేమీ తగిలించలేదు" అన్నాడు.

"తెలుసు" అన్నాను.

వెనక ఇనుప ఖనిజం లారీ ఒకటి హారన్ మీదనుంచి చెయ్యి తియ్యడం లేదు. బావగారు దిగక తప్పలేదు. తెల్ల పంచె ఎగ్గట్టి, డిక్కీ మీద రెండు చేతులూ వేసి, ఎర్రదుమ్ములో నెట్టారు. మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపుకి కాదు. బండి పక్కకు చేరాక బావగారు కిటికీలోంచి తల లోపలికి పెట్టి అరిచారు:

"ఏసీ ఆపురా! ఏసీ ఏసినంకా ఇంజనుకు బలం యాడ ఉంటాది? ఆపు ముందు!"

ఏసీ ఆపాడు. కాసేపు ఉండి స్టార్ట్ చేస్తే గేరు పడింది. బావగారు కండువా దులుపుకుని, కురుక్షేత్రం గెలిచి వచ్చినట్టు కూర్చున్నారు. ఊరు చేరేదాకా ఏసీ వల్ల ప్రపంచం ఎట్లా పాడైపోయిందో చెప్పారు. ఆయన చెప్పిన కారణం తప్పు. ఇంజన్ బలంగానే తిరుగుతోంది, పడనిది గేరు. కానీ ఏసీ ఆపితే బండి పోయిందన్నది మాత్రం నిజం. ఆయన నోట్లోంచి ఒక నిజం పడిందని ఒప్పుకోవడానికి నాకు ఆ సాయంత్రం దాకా పట్టింది. గృహప్రవేశం భోజనంలో కూడా అదే ఆలోచన. కాలువ దగ్గర ఏసీ వేసి ఉంది. సంతలో వేసి ఉంది. సర్వీస్ డ్రైవరు పొద్దున్నే చల్లపూట తిప్పాడు, ఏసీ అవసరం లేదు.

తర్వాత కొన్నాళ్ళు చెమట కక్కుతూ ఏసీ లేకుండా తిరిగాను. ఒక్కసారి కూడా ఆగలేదు. ఏసీ వేసి, ఎండలో, నిలిచిన బండ్ల మధ్య చిక్కుకుంటే చాలాసార్లు ఆగింది. ఈ మాట మేనేజరుకు చెప్తే నవ్వాడు. "మేడమ్, ఏసీకీ గేరుబాక్సుకీ సంబంధవే ఇల్ల. బేరే బేరే సిస్టమ్." వేరు వేరు అని చెప్పడానికి రెండు చేతులూ దూరంగా చాపి చూపించాడు, నాకు మాటలు అర్థం కావన్నట్టు.

కంటోన్మెంట్‌లో గేరుబాక్సుల పనికి పేరున్న ఒక మెకానిక్ ఉన్నాడని మా కాంపౌండరు చెప్పాడు. అందరూ ఉస్తాద్ అంటారు. రేకుల షెడ్డు, విప్పేసిన లారీ గేరుబాక్సులు, మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో ఉస్తాద్. ఇతనైనా వినయంగా ఉంటాడనుకుంటే నాదే పొరపాటు. నా కారు చూడగానే ముక్కు చిట్లించాడు.

"అరె డాక్టర్ సాబ్, ఇది బండి కాదు, బొమ్మ. బ్యాటరీ ఏసుకొని ఆడుకునేది. నా చెయ్యి పడినంకా లేవని గేరుబాక్సు ఈ జిల్లాలో లేదు. వదిలిపెట్టి పోండి."

సాయంత్రం ఫోన్ చేసి, పంపులో నూనె తగ్గింది, పోసి గాలి తీసేశాను, ఇక జన్మలో ఆగదన్నాడు. మర్నాడు మధ్యాహ్నం షెడ్డునుంచి బయటికి తెచ్చి, ఏసీ వేసుకుని, రోడ్డు చివర మలుపులో బస్సు వెనక ఆగాను. 'ఎన్' మెరిసింది. నడిచి వెనక్కి వెళ్ళి చెప్తే ఉస్తాద్ బండిని తిట్టాడు, దాన్ని తయారుచేసిన దేశాన్ని తిట్టాడు, ఆ తర్వాత, "అయితే క్లచ్ ప్లేటు పోయింది. రేపు బాక్సు దింపుతా" అన్నాడు. నిన్న జన్మలో ఆగదన్న నోటితోనే, అంతే ధీమాగా.

మర్నాడు పని మానుకుని నేనే వెళ్ళి కూర్చున్నాను. దింపడానికి జాకీ పెడుతున్నాడు.

"ఉస్తాద్, దింపేముందు ఒక్కసారి పంపు చప్పుడు వినండి."

"విన్నా. నిన్ననే విన్నా." పొడుగాటి స్క్రూడ్రైవరు మొన పంపు మీద, పిడి చెవికి ఆనించి చూపించాడు. "పంపు మస్తుగా ఉంది."

"ఏసీ వేసి విన్నారా?"

"ఏసీతో పంపుకేం పని?"

ఇతను కూడా. నాకు విసుగొచ్చింది. కారు వెనక నా పెట్టెలోంచి స్టెతస్కోపు తీశాను. ఉస్తాద్ పకపకా నవ్వాడు. షెడ్డు ముందు టీ తాగేవాళ్ళను కూడా పిలిచాడు, "రండి రండి, డాక్టరమ్మ బండికి నాడి చూస్తాంది" అని. నవ్వితే నవ్వారు. ఇంజన్ ఆన్ చేయించి, బానెట్ కిందికి వంగి, పంపు ఉన్న చోట స్టెతస్కోపు ఆనించాను. ఉస్తాద్‌ని లోపల కూర్చోబెట్టి గేరు కడ్డీని వేస్తూ తీస్తూ ఉండమన్నాను, అలా చేస్తే పంపు మాటిమాటికీ తిరగాలి కాబట్టి. తిరిగింది. గట్టిగా, బిగువుగా, ఒకే శ్రుతిలో.

"ఇప్పుడు ఏసీ వెయ్యండి."

వేశాడు. కాసేపటికి రేడియేటర్ ఫ్యాను కూడా అందుకుంది. ఆ క్షణాన పంపు చప్పుడు కిందికి జారింది. నీరసించిన ఆవు గుండె వినబడ్డట్టే, బరువుగా, ఆలస్యంగా. ఫ్యాను ఆగింది, చప్పుడు లేచింది. ఫ్యాను తిరిగింది, చప్పుడు పడింది. పంపు చెడిపోతే ఎప్పుడూ అలాగే ఉండాలి. ఇది చెడిపోలేదు, దీనికి తిండి అందడం లేదు. ఫ్యానూ ఏసీ పడగానే దీని కరెంటు తగ్గిపోతోంది.

ఉస్తాద్‌కి స్టెతస్కోపు ఇచ్చాను. చెవుల్లో తలకిందులుగా పెట్టుకున్నాడు, సరిచేశాను. విన్నాడు. నవ్వు ఆగింది. షెడ్డు లోపలికి పోయి, బ్యాటరీ దిగిపోయిన బండ్లను లేపడానికి వాడే లావుపాటి కేబుల్ తెచ్చాడు. ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస గేరుబాక్సు ఒంటికి తగిలించాడు. ఏసీ నడుస్తోంది, ఫ్యాను తిరుగుతోంది. మళ్ళీ విన్నాడు.

"పడట్లేదు" అన్నాడు. "చప్పుడు పడట్లేదు డాక్టర్ సాబ్!"

అంతే సంగతి. బ్యాటరీ నుంచి పోయిన కరెంటు తిరిగి బ్యాటరీకి రావడానికి గేరుబాక్సు ఒంటికి ఒక తీగ బిగించి ఉంటుంది. మెకానిక్‌లు ఎర్త్ అంటారు. బ్యాటరీ కూర్చునే పళ్ళెం విప్పితే దాని కింద ఆ తీగ కనిపించింది. అల్లిన రాగి తీగ కొస మీద పచ్చగా, తెల్లగా పొక్కు కట్టి ఉంది. దాన్ని పట్టుకోవాల్సిన బోల్టు వేళ్ళతో తిప్పితే తిరిగింది. అది ఆ చోటుకు చెందిన బోల్టు కూడా కాదు, పొట్టిది, ఇంకేదో భాగానిది. ఎండాకాలంలో కొత్త బ్యాటరీ వేసినప్పుడు పళ్ళెం తీసినవాడు అసలు బోల్టు పారేసుకుని, చేతికి దొరికింది పెట్టి, బిగించీ బిగించకుండా వదిలేశాడు. ఆపైన ప్రతి సర్వీసుకూ ఒత్తిడి నీళ్ళతో ఇంజన్ కడిగి, ఆ సందులో నీళ్ళు నింపారు. వేరు వేరు సిస్టమ్ అని చేతులు చాపాడు కదా మేనేజరు, ఆ వేరు వేరు సిస్టమ్‌లన్నీ ఈ ఒక్క వదులు బోల్టు మీద వేలాడుతున్నాయి.

ఉస్తాద్ ఆ చోటు గీకి మెరిసేలా చేశాడు, కొత్త తీగ వేశాడు, సరైన బోల్టు వెతికి బిగించాడు, పైన గ్రీజు పూశాడు. ఆ పని చక్కగా చేశాడు, అది ఒప్పుకోవాలి. కంప్యూటరులో పాత తప్పులు చెరపడానికి తెలిసినవాణ్ణి పిలిపించాడు. ఆ తర్వాత ఏసీ గరిష్ఠంగా పెట్టి, ఎండలో, ఇద్దరం కంటోన్మెంట్‌నుంచి బస్టాండు దాకా పోయి వచ్చాం. ఎక్కడా ఆగలేదు. తిరిగి వచ్చాక ఉస్తాద్ టీ తాగేవాళ్ళతో అంటున్నాడు: "నేను మొదట్నే చెప్తా ఉండా, ఎర్త్ చూడాలని. చెవితో కనిపెట్టినా." నా స్టెతస్కోపు అతని మెడలో ఉంది. అడిగి తీసుకున్నాను.

బావగారికి మా ఆయన ఫోన్‌లో చెప్పాడు. అటునుంచి వచ్చిన జవాబు నాకూ వినబడింది, ఆయన ఫోన్‌లో కూడా పొలం ఆ చివర ఉన్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడతారు. "నేను చెప్పలా? ఏసీ అని నేను చెప్పలా? నా మాట ఎవురింటారు ఈ ఇంట్లో!" మా ఆయన ఫోన్ పెట్టేశాడు. తర్వాత వంటింటి గడప దగ్గరికి వచ్చి, "ఆ కాలువ కాడ ఆగినప్పుడు, నీకు భయమైందా?" అని అడిగాడు.

"ఎప్పటిది అడుగుతున్నావు?"

"గేటు కాడ నాకు శానా భయమైంది. ఆడ నేల సమంగా ఉండాది, నీళ్ళు గూడా లేవు. అయినా అయింది. అప్పుడే అడగాలనుకుంటి."

"అయింది" అన్నాను. "చక్రం అంచు మీద ఉండింది."

ఆ తర్వాతి ఆదివారం వాళ్ళన్న వచ్చి, ఆడవాళ్ళూ గేరు కడ్డీలూ అని మొదలుపెడితే, "ఆ మాట ఇడిసిపెట్టన్నా. నా చేతిలోనూ ఆగింది కదా" అన్నాడు. గొంతు పరీక్ష హాల్లోదే, కానీ అన్నాడు. బావగారు టీవీ శబ్దం పెంచారు.

నాకు ఊరుకోవాలనిపించలేదు. పాత తీగనూ ఆ పొట్టి బోల్టునూ ఒక కవర్లో వేసుకుని సర్వీస్‌కి వెళ్ళాను. మేనేజరు టేబుల్ మీద, ట్యాబ్ పక్కన పెట్టాను. చూశాడు. బోల్టును వేలితో అటూ ఇటూ దొర్లించాడు.

"ఇది మా దగ్గర జరిగిందని ఎట్లా చెప్తారు మేడమ్?"

"బ్యాటరీ మార్చింది మీరే. ఆ పళ్ళెం ఇంకెవరూ విప్పలేదు."

"రోడ్డు బాగా లేదు మేడమ్, పల్లెల్లో తిరుగుతారు. వైబ్రేషన్‌కి లూజ్ ఆగుత్తె, లూజ్ అయితాది. నార్మల్."

"వైబ్రేషన్‌కి బోల్టు పొట్టిగా అవుతుందా?"

మేనేజరు ట్యాబ్‌ను వేలితో పైకీ కిందికీ తోసి చూశాడు. ఈసారి ఉచితంగా కడిగి ఇస్తామన్నాడు. మళ్ళీ నీళ్ళే! నీ నీళ్ళకో దండం అని లేచాను.

బయట వరండాలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. చూస్తే రిటైరైన మేష్టారులా ఉన్నాడు, ఉతికిన ఖద్దరు చొక్కా, జేబులో పెన్ను. అద్దాల అవతల నిలబెట్టిన కారు నా బండి లాంటిదే, రంగు తేడా. అడిగితే చెప్పాడు. ఈయన బండి కూడా మధ్యమధ్యలో న్యూట్రల్‌లో పడుతుందట. కంప్యూటరులో ఒత్తిడి తక్కువ అని వచ్చిందట. యూనిట్ మొత్తం మారుస్తున్నారట.

"సార్, ఏసీ వేసినప్పుడే ఆగుతోందా?"

ఆలోచించాడు. "ఔనమ్మా, ఎండపూటే ఆగుతాండాది. ఏసీ ఎప్పుడూ ఉంటాదిలే."

"కొత్త బ్యాటరీ వేయించారా ఈ మధ్య?"

"ఏయించినా. ఇక్కడే."

నేను ఆయన పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. తీగ, బోల్టు, ఫ్యాను తిరిగితే పడిపోయే చప్పుడు. మీది కూడా అదే అని నేను అనడం లేదు, యూనిట్ మార్చేముందు ఒక్క తీగ తగిలించి చూడమనండి, టీ తాగేలోపు తేలిపోతుంది అన్నాను. శ్రద్ధగా విన్నాడు. మధ్యలో రెండు మంచి ప్రశ్నలు కూడా అడిగాడు. నాకు సంతోషం వేసింది.

"మీరు ఇంజనీరా తల్లీ?"

"కాదు సార్. పశువుల డాక్టరుని."

ఆయన ముఖంలో శ్రద్ధ అలాగే ఉంది, కానీ అది మర్యాదగా మారిపోవడం నా కళ్ళముందే జరిగింది. "ఔనా, మంచిది మంచిది" అన్నాడు. మా ఇంట్లో కూడా ఒక ఆవు ఉండేదని, అది చాలా సాధువని చెప్పాడు. ఇంతలో మేనేజరు తలుపు తీసి, "సర్, యూనిట్ రెడీ ఇదె, సైన్ మాడ్రి" అని ట్యాబ్ చాపాడు. పెద్దాయన లేచి, జేబులోంచి పెన్ను తీశాడు. వేలితో చెయ్యాలని మేనేజరు చెప్తే, పెన్ను మళ్ళీ జేబులో పెట్టుకుని, చూపుడువేలితో ఆ గాజు మీద జాగ్రత్తగా, పొట్టలూ వత్తులూ అన్నీ వచ్చేలా సంతకం చేశాడు.

నేను మెట్లు దిగి కారు ఎక్కి, ఏసీ వేసుకుని, రూపనగుడి వైపు పోయాను. అక్కడ ఒక దూడ విరేచనాలతో ఉందని ఫోన్ వచ్చింది.